అంకీ ఫ్లాష్‌కార్డులు: పదాలకి సరే, భాషకి సరిపోతుందా?

ముందే చెప్పేస్తున్నా, అంకీ అనే ఈ ఫ్లాష్‌కార్డుల యాప్ చూడ్డానికి ఏమంత బాగుండదు. తెరవగానే డెక్‌ల (అంటే కార్డుల కట్టల) పేర్లు, పక్కన నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో మూడు అంకెలు కనిపిస్తాయి, అంతే. బొమ్మలు గెంతవు, చప్పట్లు వినబడవు, రోజు తప్పిపోతే ఏడుపు మొహం పెట్టే పక్షులు, జంతువులు ఏవీ ఉండవు. సెట్టింగ్స్ తెరిస్తే ఎవరో ఇంజనీర్ తన కోసం తను రాసుకున్నట్టుంటుంది. అయినా సరే, కొత్త భాష మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా "పదాలు నిలవట్లేదు" అని మొత్తుకుంటే నేను మొదట చెప్పే పేరు ఇదే. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్తాను, రోజుకి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు, అంతకు మించి దీని ముందు కూర్చోవద్దని. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే జ్ఞాపకం మీద, రెండో భాష నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధనల్లోకి కొంచెం వెళ్లక తప్పదు. కాబట్టి ఈ రివ్యూలో యాప్ ఎంత ఉంటుందో ఆ గొడవా అంతే ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క పేరా. అంకీని డేమియన్ ఎల్మ్స్ అనే ప్రోగ్రామర్ 2006లో విడుదల చేశాడు. కంప్యూటర్లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో వాలంటీర్లు నడిపే అంకీడ్రాయిడ్ కూడా ఉచితం, ఐఫోన్ యాప్ ఒక్కటే డబ్బు పెట్టి కొనాలి. కార్డు ముందువైపు ఒక ప్రశ్న, వెనక జవాబు. జవాబు మనసులో చెప్పుకుని కార్డు తిప్పి, ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి. మీరు నొక్కినదాన్ని బట్టి ఆ కార్డు మళ్లీ పది నిమిషాలకి రావాలా, నాలుగు రోజులకా, నాలుగు నెలలకా అనేది అదే లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క చాలాకాలం పాటు 1987లో పోలండ్‌కి చెందిన పియోతర్ వోజ్నియాక్ తన సూపర్‌మెమో అనే ప్రోగ్రామ్ కోసం రాసిన పద్ధతి మీదే నడిచింది. 2023లో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త పద్ధతి కూడా వచ్చి చేరింది. మీరు ఎంత శాతం గుర్తుంచుకోవాలనుకుంటున్నారో చెప్తే (మామూలుగా 90 శాతం) దానికి తగ్గట్టు గడువులు తేలుస్తుంది. అట్టపెట్టెలు, కాగితం కార్డులతో ఇదే పని చేసుకునే పద్ధతిని సెబాస్టియన్ లైట్నర్ 1972లోనే ప్రచారంలోకి తెచ్చాడు. అంటే అసలు ఆలోచన అంకీది కాదు, దాన్ని జేబులో పట్టేలా చేయడం అంకీ ఘనత.

ఇక అసలు విషయానికి వస్తే, ఇది ఎందుకు పనిచేస్తుంది? చాలామంది "మళ్లీ మళ్లీ చూపిస్తుంది కాబట్టి" అనుకుంటారు. అక్కడే పొరపడతారు. 2008లో జెఫ్రీ కార్పికి, హెన్రీ రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ విద్యార్థులకి 40 స్వాహిలి పదాలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చి నేర్పించారు. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన పదాన్ని ఏం చేయాలి అన్నదాంట్లోనే తేడా. కొందరికి ఆ పదాన్ని మళ్లీ చూపించడం ఆపేసి పరీక్ష మాత్రం పెడుతూనే ఉన్నారు. ఇంకొందరికి తలకిందులు, అంటే చూపిస్తూనే ఉన్నారు కానీ మళ్లీ అడగలేదు. వారం తర్వాత పరీక్ష పెడితే, అడుగుతూ ఉన్నవాళ్లకి దాదాపు 80 శాతం గుర్తున్నాయి, చూస్తూ మాత్రమే ఉన్నవాళ్లకి దాదాపు మూడో వంతు. తమాషా ఏంటంటే, నేర్చుకోవడం అయిపోయాక "వారం తర్వాత మీకెన్ని గుర్తుంటాయి" అని అడిగితే అన్ని గుంపులవాళ్లూ దాదాపు సగం అని ఒకే అంచనా చెప్పారు. ఎవరికి బాగా ఎక్కిందో ఎవరికీ తెలియలేదు.

అంకీ విషయంలో దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. పని చేసేది కార్డు తిప్పే ముందు మీరు పడే ఆ రెండు మూడు సెకన్ల అవస్థ. జనం వాడేటప్పుడు చూస్తే బస్సులో నిలబడి, కార్డు రాగానే తిప్పేసి, "ఆ, ఇది తెలుసులే" అని గుడ్ నొక్కేస్తుంటారు. అలా రెండొందల కార్డులు పూర్తి చేసినా అది చదివిన పేజీని మళ్లీ చదవడంతో సమానం. యాప్ మిమ్మల్ని అడ్డుకోదు, అది మీ మాటనే నమ్ముతుంది. నాకైతే జవాబు టైప్ చేయించే కార్డు రకం ఇష్టం, కొంచెం నెమ్మది అయినా దొంగాట కుదరదు. ఫోన్‌లో విసుగ్గా ఉంటే కనీసం పైకి ఉచ్చరించి అయినా తిప్పండి, పక్కవాళ్లు ఏమనుకుంటే మనకేం.

ఇంకో చిక్కు కూడా ఉంది, సరిగ్గా వాడితే ఇది పనిచేస్తున్నట్టు అనిపించదు. నేట్ కోర్నెల్ 2009లో ఫ్లాష్‌కార్డుల మీదే చేసిన ప్రయోగాల్లో ఎడం పెట్టి, అంటే మధ్యలో విరామం ఇచ్చి చదవడం 90 శాతం మందికి మేలు చేసింది, కానీ మొదటి విడత చదువు అయ్యాక అడిగితే 72 శాతం మంది ఒకేసారి కూర్చుని రుబ్బడమే బాగుందన్నారు! వరసగా చదివితే అన్నీ నోటికొచ్చినట్టే ఉంటుంది మరి, హాయిగా ఉంటుంది. అంకీ ఏమో మీరు మర్చిపోబోయే సమయానికి సరిగ్గా ముందుకు తెచ్చి నిలబెడుతుంది కాబట్టి ప్రతిరోజూ కాస్త తెలివితక్కువగా అనిపిస్తుంది. ఈ యాప్‌ని మొదట్లోనే వదిలేసినవాళ్లని అడిగితే "నాకు అస్సలు ఎక్కట్లేదు" అంటారు, గణాంకాల పేజీ తీసి చూస్తే పదింట ఎనిమిది సరిగ్గానే చెప్తుంటారు. అందుకే మొదటి నెలలో మీ ఫీలింగ్‌ని కాకుండా ఆ పేజీలోని శాతాన్ని నమ్మమని చెప్తాను.

ఎడం ఎంత ఉండాలి అన్నదాని మీద నాకు బాగా నచ్చిన అధ్యయనం బారిక్ కుటుంబానిది, 1993లో అచ్చయింది. భార్య, భర్త, ఇద్దరు కూతుళ్లు, నలుగురూ కలిసి తమ మీద తామే తొమ్మిదేళ్లు ప్రయోగం చేసుకున్నారు. ఒక్కొక్కరు 300 పరభాషా పదాలు, ఒక్కో భాగానికి ఒక్కో ఎడం, 14 రోజులు, 28 రోజులు, 56 రోజులు. చివరికి తేలిందేంటంటే 56 రోజులకోసారి 13 సార్లు చదివితే వచ్చిన ఫలితం, 14 రోజులకోసారి 26 సార్లు చదివితే వచ్చిన ఫలితంతో దాదాపు సమానం. సగం శ్రమతో అంతే జ్ఞాపకం. తర్వాత 2008లో నికొలస్ సెపెడా బృందం 1,350 మందికి పైగా మనుషులతో చేసిన పనిలో ఇంకో మెలిక బయటపడింది. సరైన ఎడం అంటూ ఒకే ఒక్క సంఖ్య లేదు, మీకు ఎప్పటిదాకా గుర్తుండాలి అన్నదాని మీద అది ఆధారపడుతుంది. వారం తర్వాత పరీక్ష ఉంటే రోజో రెండు రోజులో చాలు, ఏడాదికి గుర్తుండాలంటే వారాల ఎడం కావాలి. వచ్చే సోమవారం పరీక్ష ఉందని ఆదివారం అంకీ డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు దయచేసి గమనించాలి, మీకిది పనికొచ్చే వస్తువు కాదు.

ఇక్కడ అంకీ భక్తులకి కోపం తెప్పించే మాటొకటి. గడువులు లెక్కవేసే సూత్రం ఏదైతే ఏంటి, పాతదా కొత్తదా, హార్డ్ నొక్కితే ఎంత శాతం పెరగాలి అని జనం రాత్రంతా తర్జనభర్జన పడుతుంటారు. కార్పికి, బౌర్న్‌ష్మిట్ కలిసి 2011లో ఎడం క్రమంగా పెంచుతూ పోవడం, సమానంగా ఉంచడం, తగ్గిస్తూ పోవడం, ఈ మూడింటినీ పోల్చి చూస్తే వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మొత్తం మీద ఎడం ఎంత అన్నదే ముఖ్యమైంది. కాబట్టి ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్ చేసుకోండి, రోజువారీ రివ్యూలు (మళ్లీ ముందుకొచ్చే పాత కార్డులు) కొంచెం తగ్గొచ్చు, అంతటితో ఆ పేజీ మూసేయండి. సెట్టింగ్స్ సవరించుకోవడం చదువుకోవడం కింద లెక్కకి రాదు.

ఒక్క సెట్టింగ్ మాత్రం మొదటి రోజే మార్చాలి. రోజుకి 20 కొత్త కార్డులు అన్నది అంకీ తనంతట తాను పెట్టేది. వినడానికి తక్కువే. కానీ ఇవాళ చేర్చిన ఇరవై రేపు వస్తాయి, తర్వాత మళ్లీ వస్తాయి, వాటి మీద రేపటి ఇరవై, ఎల్లుండి ఇరవై. కొత్త కార్డుల సంఖ్యకి రివ్యూల హద్దు కనీసం పది రెట్లు ఉండాలని యాప్‌లోనే రాసి ఉంటుంది, అంటే రోజుకి రెండొందలు. ఉద్యోగం, పిల్లలు, జ్వరాలు ఉన్న మనిషికి రెండు రోజులు తప్పితే నాలుగొందలు కుప్ప పడతాయి, ఆ అంకె చూసిన టెన్షన్‌కే యాప్ తీసేస్తారు. ఏడు పెట్టుకోండి, పది పెట్టుకోండి. పది చొప్పున అయినా ఏడాదికి మూడున్నర వేలు దాటుతాయి, అది తక్కువేం కాదు. ఇంకోటి, ఒక కార్డు నేర్చాక మళ్లీ ఎనిమిదిసార్లు మర్చిపోతే అంకీ దానికి లీచ్ అని గుర్తుపెడుతుంది, సెట్టింగ్‌ని బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. ఈ ఫీచర్ని చాలామంది ఆపేస్తారు, ఆపొద్దు. ఎనిమిదిసార్లు ఓడిన కార్డుని తొమ్మిదోసారి రుద్దడం దండగ, దాన్ని ఒక వాక్యంలో పెట్టి కొత్తగా రాసుకోవడం నయం.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించే భాగం, ఇతరులు తయారుచేసి పంచిపెట్టే రెడీమేడ్ డెక్‌లు. వాటిలో మంచివీ ఉన్నాయి, మాట్లాడే భాషలో ఎక్కువగా వినబడే పదాల వరస ప్రకారం, ఆడియోతో, ఉదాహరణ వాక్యాలతో చేసినవి. కానీ ఎక్కువ శాతం "పండ్లు", "రంగులు", "శరీర భాగాలు" అని గుంపులు కట్టినవే. పాఠ్యపుస్తకాల్లో కూడా ఇదే జబ్బు. థామస్ టింకమ్ 1990ల్లో చేసిన ప్రయోగాల్లో ఒకే కోవకి చెందిన పదాలని ఒకేసారి నేర్చుకుంటే, సంబంధం లేని పదాలని నేర్చుకున్నప్పటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఎందుకంటే ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి. ఎడమ, కుడి అన్న రెండు పదాలని ఒకే రోజు నేర్చుకుని ఏది ఏదో తేల్చుకోలేక తికమకపడ్డవాళ్లకి ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు. పన్నెండు రంగులున్న డెక్ చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది, అయినా మెదడుకి అదే పెద్ద గందరగోళం.

రెండో లోపం, రెడీమేడ్ కార్డుల్లో సాధారణంగా ఒక పదం, ఒక అర్థం, అంతే ఉంటుంది. ఒక పదం తెలుసు అనడానికి దాని ఉచ్చారణ, రాత, ఏ పదాల పక్కన కూర్చుంటుంది, ఎవరి ముందు వాడొచ్చు, ఎవరి ముందు వాడకూడదు, ఇవన్నీ కావాలని పదజాల పరిశోధనలో పెద్ద పేరున్న పాల్ నేషన్ ఎన్నో ఏళ్లుగా చెప్తూనే ఉన్నాడు. పైగా చూసి గుర్తుపట్టడం వేరు, కావాల్సినప్పుడు నోటికి తెచ్చుకోవడం వేరు. పరభాష నుంచి మన భాషకి ఉన్న కార్డులు మాత్రమే తిప్పుకునేవాళ్లు చదివితే అర్థం చేసుకుంటారు కానీ మాట్లాడాల్సి వస్తే ఆగిపోతారు. అటు ఇటు రెండు వైపులా కార్డు చేయడం అంకీలో ఒక్క క్లిక్ పని, అయినా ఎక్కువమంది వాడరు, కష్టంగా ఉంటుంది కాబట్టి. ఆ కష్టం పనికొచ్చే కష్టమే.

కాబట్టి మీ కార్డులు మీరే రాసుకోండి. చదువుతున్న కథలోంచో, చూస్తున్న సీరియల్లోంచో తెలియని మాట తగిలితే ఆ వాక్యం మొత్తం తీసుకుని, ఆ మాట ఉన్నచోట ఖాళీ పెట్టండి. అంకీలో దీన్ని క్లోజ్ కార్డు అంటారు. ఇలా చేస్తే పదం తనతోపాటు తన పక్కింటివాళ్లని కూడా తీసుకొస్తుంది, వ్యాకరణం కూడా కాస్త అంటుకొస్తుంది. రోజుకి పది కార్డులు రాయడానికి పది నిమిషాలు పడుతుంది నిజమే, కానీ ఆ పది నిమిషాల్లోనే సగం నేర్చేసుకుంటారు.

ఇక "ఇదంతా బట్టీ, భాష ఇలా రాదు" అనేవాళ్ల సంగతి. ఈ మాట వెనక బలమైన పేరే ఉంది. భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో గట్టిగా వాదించాడు, తెలిసి నేర్చుకున్నది వేరు, సహజంగా అబ్బింది వేరు, మొదటిది రెండోదిగా మారదు, అర్థమయ్యే భాష పుష్కలంగా వింటూ చదువుతూ ఉంటేనే భాష అబ్బుతుంది అని. రెండో సగం ఎవరూ కాదనలేనిది. మొదటి సగం మాత్రం అంత ఖచ్చితంగా నిలబడలేదు. ఇరీనా ఎల్‌గోర్ట్ 2011లో కార్డులతో కావాలని నేర్చుకున్న కొత్త పదాలని మెదడు ఎంత వేగంగా, ఆలోచించకుండా వాడుకుంటుందో కొలిచే ప్రయోగాలు చేస్తే, అవి ముందే తెలిసిన పదాల లాగే ప్రవర్తించాయి. అంటే కార్డు మీద నేర్చినది కార్డుకే అతుక్కుని ఉండిపోదు. అలాగే జాన్ నారిస్, లూర్దెస్ ఒర్తేగా 2000లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలు కలిపి లెక్క కడితే, నియమాన్ని బయటికి చెప్పి నేర్పించడం మేలే చేస్తుందని తేలింది, అయితే ఆ పరీక్షల్లో చాలావాటి తీరే అలాంటి చదువుకి అనుకూలంగా ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. నిజాయితీ ఉన్న మనుషులు.

ఇంత పొగిడాక మళ్లీ ఇరవై నిమిషాలు దాటొద్దని ఎందుకంటున్నానంటే, లెక్క చూడండి. ఇంగ్లిష్ నవల గానీ వార్తాపత్రిక గానీ సాయం లేకుండా చదవాలంటే అందులోని మాటల్లో 98 శాతం తెలిసి ఉండాలని తీసుకుంటే, దానికి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు (ఒక పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని నేషన్ 2006లో లెక్కకట్టాడు. మాట్లాడే భాషకి 6,000 నుంచి 7,000. మొదటి రెండు మూడు వేలు కార్డులతో తోసుకుపోవచ్చు, తోసుకుపోవాలి కూడా, ఎందుకంటే అవి లేకుండా ఏ పుస్తకమూ మింగుడు పడదు. ఆ తర్వాతవి చాలా అరుదుగా తగిలే పదాలు, వాటి నానార్థాలు, వాటి రుచి తెలియాలంటే పేజీలకి పేజీలు చదవడమే దారి. అప్పటికీ రోజుకి గంటన్నర అంకీలోనే కూర్చునేవాళ్లు, చదవాల్సిన సమయాన్ని దీనికి ధారపోస్తున్నట్టే.

మాట్లాడటం సంగతి సరేసరి. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో చదివిన ఇంగ్లిష్ పిల్లల్ని చూసి మెరిల్ స్వెయిన్ 1985లో చెప్పింది ఇదే, ఏళ్ల తరబడి వినీ వినీ అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకి దగ్గరగా వచ్చినా, మాట్లాడటంలో, రాయడంలో వ్యాకరణం వెనకబడే ఉంది. నోరు తెరిచి వాక్యం కట్టుకోవాల్సి వచ్చినప్పుడే మనకి ఏం రాదో మనకి తెలుస్తుంది. ఆ అవసరం అంకీ ఎప్పటికీ కల్పించలేదు. తప్పు దిద్దడం కూడా దాని వల్ల కాదు. నిజానికి మనుషులకే అది అంత తేలిక కాదు. రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో తరగతి గదులు గమనిస్తే, పిల్లాడు తప్పు మాట్లాడగానే టీచర్ అదే వాక్యాన్ని సరిచేసి తిరిగి చెప్పడం అన్నిటికంటే ఎక్కువగా, సగానికి పైగా సార్లు కనిపించింది, పిల్లలు అందిపుచ్చుకున్నది మాత్రం అలా చెప్పినప్పుడే అన్నిటికంటే తక్కువ. "ఏమన్నావ్, ఇంకోసారి చెప్పు" అని వాళ్ల చేతే సరిచేయిస్తే ఎక్కువగా పట్టుకున్నారు. చూశారా, ఇది కూడా కార్డు తిప్పే ముందు ఆగడం లాంటిదే. కానీ ఎదురుగా మనిషి ఉండాలి.

డబ్బు తీసుకుని భాష నేర్పే యాప్ ఒకటి నేను కొన్నాళ్లు వాడాను, పేరు వద్దు. రంగులు, పాయింట్లు, వరస రోజుల లెక్క, అన్నీ ఉన్నాయి, నాలుగు జవాబుల్లో సరైనది ఎంచుకోవడం తప్ప నా అంతట నేను గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం మాత్రం దాదాపు రాలేదు. అది రోజూ తెరవాలనిపించేది, ఆ మాట ఒప్పుకోవాలి. అంకీ తెరవాలనిపించదు. ఏ గొప్ప పద్ధతైనా మనిషి రోజూ వచ్చి కూర్చుంటేనే కదా పనిచేసేది, ఆ విషయంలో అంకీకి నేను మార్కులు కోస్తాను. ఉచ్చారణ విషయంలోనూ అంతే, ఆడియో పెట్టుకోవచ్చు, మన గొంతు రికార్డు చేసి పోల్చుకోవచ్చు, కానీ బాగుందో లేదో చెప్పే నాథుడు ఉండడు.

మొత్తం మీద అయిదుకి నాలుగు ఇస్తాను, మొదటి రెండు మూడు వేల పదాల దశలో ఉన్నవాళ్లకైతే అయిదు. ఇప్పటికే నవలలు చదివేస్తున్నవాళ్లకి రెండు చాలు, మీరు చదువుకోండి చాలు. అక్షరాలు కూడా ఇంకా రానివాళ్లు ముందు అక్షరాలు రాసి నేర్చుకుని అప్పుడు రండి. ఐఫోన్ ఉన్నవాళ్లు వెంటనే కొనొద్దు. కంప్యూటర్లోనో, అంకీ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి ఫోన్ బ్రౌజర్లోనో కొన్ని వారాలు నడిపి చూడండి, రోజూ కూర్చోగలుగుతున్నారు అనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు. ఒక్కసారి కడితే చాలు, నెలనెలా చందా ఏమీ లేదు.